టపాకాయకూ కావాలి ఒక పర్మిట్

కర్మాగారం ప్రధాన ద్వారం వద్ద అగ్గిపెట్టెను భద్రతా సిబ్బందికి అప్పగించి లోనికి అడుగు పెట్టడం మనకు నిత్యకృత్యం. లోపల చిన్న వెల్డింగ్ పని చేయవలసి వచ్చినా ‘హాట్ వర్క్ పర్మిట్’ లేనిదే టార్చి వెలిగించం. ఆ పర్మిట్‌పై పని చేసే చోటు, పని చేసే సమయం, బాధ్యత వహించే అధికారి సంతకం స్పష్టంగా ఉంటాయి. పక్కనే ఇసుక బకెట్టు, నీటి గొట్టం, వాటిని పట్టుకుని నిలబడే మనిషి ఉంటారు. ఇంతటి క్రమశిక్షణకు అలవాటుపడిన మనమే దీపావళి సాయంత్రం ఇంటికి చేరగానే ఆరేళ్ళ పసివాడి చేతికి కాకరపువ్వొత్తి ఇచ్చి, పదేళ్ళ వాడి చేతికి లక్ష్మీబాంబు ఇచ్చి, వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుంటాం. అక్కడ పర్మిట్ లేదు, బకెట్టు లేదు, నిలబడే మనిషీ లేడు.

ఈ వైరుధ్యం గురించి ఆలోచించడానికి మాకు ఒక కారణం ఉంది. కొన్నేళ్ళ క్రితం మా వీధిలో తొమ్మిదేళ్ళ బాలుడొకడు వెలగకుండా ఆరిపోయిన చిచ్చుబుడ్డి మీదకు వంగి చూశాడు. ఆ క్షణంలోనే అది పేలింది. తండ్రి ఆ రాత్రి డ్యూటీలో ఉన్నాడు. తల్లి కంగారులో ఎవరో చెప్పిన మాట విని ముఖానికి టూత్‌పేస్టు పూసింది. మేము వెళ్ళేసరికి పిల్లవాడు కన్ను నలుపుకుంటున్నాడు. కాలనీ వాహనంలో ఆసుపత్రికి చేర్చాం. కన్ను నిలిచింది గాని చూపులో మునుపటి స్పష్టత తిరిగి రాలేదు. మరుసటి రోజు కర్మాగారంలో ఆ తండ్రి మాతో అన్న మాట నేటికీ చెవుల్లో మెదులుతూనే ఉంది: “ఇక్కడ పదేళ్ళుగా ఒక్క ప్రమాదం లేకుండా పని చేశానండీ. ఇంట్లో ఒక్క సాయంత్రం కాపలా కాయలేకపోయాను.”

బాణసంచా అమ్మకంపై, వాడకంపై ప్రభుత్వాలూ న్యాయస్థానాలూ విధించిన నియమాలను చాలామంది పండుగపై ఆంక్షలుగా భావిస్తారు. ఆ నియమాలు ఎందుకు పుట్టాయో, ఏమి చెబుతున్నాయో తెలుసుకుంటే ఆ భావన కొంతైనా మారుతుందని మా విశ్వాసం.

వేడుక పాతదే, మందు మారింది

మన దేశంలో బాణసంచా వేడుక ఈనాటిది కాదు. 1443లో విజయనగరాన్ని సందర్శించిన పారశీక రాయబారి అబ్దుర్ రజాక్ రెండవ దేవరాయల నాటి మహానవమి ఉత్సవాలను వర్ణిస్తూ బాణసంచా విన్యాసాలను కూడా ప్రస్తావించాడు. అయితే ఆనాడు అది రాచవేడుక. నేర్పు గల పనివారు కాల్చేవారు, ప్రజలు దూరం నుండి చూసేవారు. ఇంటింటా కాల్చుకునే అలవాటు తరువాత వచ్చింది.

మన పల్లెల్లో నిన్న మొన్నటి వరకు సూరేకారం, గంధకం, బొగ్గుపొడి కొనితెచ్చి రోట్లో నూరి మతాబులూ చిచ్చుబుడ్లూ ఇంట్లోనే కూరుకునేవారు. కాసింత ఆముదపు పుల్లల బొగ్గు, కాసింత ఇనుప రజను, తాతగారు చెప్పిన పాళ్ళు! ఆ జ్ఞాపకం ఎంత తీయనిదైనా, లైసెన్సు లేకుండా పేలుడు మందు తయారు చేయడం చట్టరీత్యా నేరమని, ఆ రోటి ముందు కూర్చున్నవారు ప్రతి దంపుకూ ప్రాణాన్ని పణంగా పెట్టారని మరువరాదు.

ఇరవయ్యవ శతాబ్దంలో ఈ పరిశ్రమకు శివకాశి కేంద్రమైంది. 1920ల ఆరంభంలో అయ్య నాడార్, షణ్ముగ నాడార్ అనే ఇద్దరు యువకులు కలకత్తా వెళ్ళి అగ్గిపెట్టెల తయారీ నేర్చుకుని వచ్చారు. వర్షం తక్కువైన ఆ నేలలో పొడి వాతావరణం మందు ఆరడానికి అనుకూలించింది. అగ్గిపెట్టెల వెనుకనే బాణసంచా, దాని వెనుకనే రంగురంగుల ముద్రణ పరిశ్రమ వచ్చాయి. నేడు దేశంలో తయారయ్యే బాణసంచాలో అత్యధిక భాగం ఆ ప్రాంతం నుండే వస్తుంది. అక్కడి అగ్గిపెట్టెల, బాణసంచా పనుల్లో బాలల చేత చాకిరీ చేయించడంపై సుప్రీంకోర్టు 1996లో ఇచ్చిన తీర్పు బాలకార్మిక నిర్మూలన చరిత్రలో ఒక మైలురాయి.

నియమం వెనుక రసాయనం

బాణసంచాలో ప్రధానంగా మూడు పదార్థాలుంటాయి: మండే పదార్థం, దానికి ప్రాణవాయువు నందించే లవణం, రంగునిచ్చే లోహ లవణం. స్ట్రాంషియం ఎరుపును, బేరియం ఆకుపచ్చను, రాగి నీలాన్ని, సోడియం పసుపును ఇస్తాయి. అల్యూమినియం, మెగ్నీషియం పొడులు కళ్ళు మిరుమిట్లు గొలిపే తెల్లని వెలుగునిస్తాయి. ఆకాశంలో ఒక్క క్షణం విరిసిన ఆ రంగులు మాయమైపోవు. సన్నని ధూళి రూపంలో గాలిలో నిలిచి మన ఊపిరితిత్తులకు చేరతాయి.

ప్రాణవాయువు నిచ్చే లవణాల్లో పొటాషియం క్లోరేటు అత్యంత ప్రమాదకరమైనది. గంధకంతో కలిస్తే అది చిన్న రాపిడికే పేలగలదు. అందుకే కేంద్ర ప్రభుత్వం 1992 జనవరిలో ఒక ప్రకటన ద్వారా క్లోరేటు, గంధకం కలిసిన పేలుడు పదార్థాల తయారీని, స్వాధీనాన్ని, దిగుమతిని నిషేధించింది. దొంగచాటుగా సరిహద్దు దాటి వచ్చే చవకబారు విదేశీ టపాకాయల విషయంలో అధికారులు పదే పదే హెచ్చరించడానికి కారణం ఇదే. వాటిలో క్లోరేటు ఉండే అవకాశం ఎక్కువ. అంగట్లో తక్కువ ధరకు దొరికిన పెట్టె గోదాములో దానంతటదే అంటుకోగలదని కొనేవారికి తెలియదు.

చట్టం ఏమంటుంది?

పేలుడు పదార్థాలపై మన మూల చట్టం 1884 నాటిది. దాని క్రింద కాలానుగుణంగా నియమాలు మారుతూ వచ్చాయి. 1983 నాటి నియమాల స్థానంలో 2008 నాటి నియమాలు అమలులోకి వచ్చాయి. వీటి అమలును పర్యవేక్షించేది నాగపూర్ కేంద్రంగా గల పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ. ఒక సమయంలో 15 కిలోలకు మించని బాణసంచా తయారీకి జిల్లా మేజిస్ట్రేటు లైసెన్సు ఇవ్వవచ్చు. అంతకు మించితే ఆ సంస్థ అధికారులే ఇవ్వాలి.

పండుగ రోజుల్లో మైదానాల్లో వెలిసే తాత్కాలిక దుకాణాలకు 2008 నియమాలు విధించిన షరతులను చూడండి. షెడ్డును మండని సామగ్రితో నిర్మించాలి. షెడ్డుకూ షెడ్డుకూ మధ్య కనీసం 3 మీటర్ల ఎడం ఉండాలి. ఇళ్ళు, పాఠశాలలు వంటి రక్షిత కట్టడాలకు 50 మీటర్ల దూరం ఉండాలి. షెడ్లు ఎదురెదురుగా ఉండరాదు. ఒకే చోట 50 దుకాణాలకు మించరాదు. నూనె దీపాలు, గ్యాసు దీపాలు, బహిరంగ మంట ఏవీ షెడ్డులో గాని సమీపంలో గాని ఉండరాదు. దుకాణాలకు 50 మీటర్ల లోపు బాణసంచా కాల్చరాదు.

ఈ జాబితాను మన భద్రతా విభాగం వారి ముందుంచితే ఇందులో ఒక్క వాక్యమూ అనవసరమైనది కాదని చెబుతారు. ఎడం ఎందుకు? ఒక షెడ్డులోని మంట రెండవ దానికి ప్రాకకుండా. ఎదురెదురుగా ఎందుకు వద్దు? పేలి ఎగిరిన తారాజువ్వ నేరుగా ఎదుటి దుకాణంలోకి దూసుకుపోకుండా. సరుకు నింపిన గోదాముల మధ్య మనం పాటించే దూరాల వెనుక ఉన్నదీ ఇదే సూత్రం. అయినా మన పట్టణాల్లో గుడ్డ పందిళ్ళ క్రింద, వేలాడే కరెంటు తీగల క్రింద, ఒకదానికొకటి ఆనుకుని దుకాణాలు వెలుస్తూనే ఉన్నాయి. కొనేవారు కూడా ధర అడుగుతారే గాని లైసెన్సు ఎక్కడని అడగరు.

చెవికీ ఒక హద్దు

మన కర్మాగారాల్లో ఎనిమిది గంటల పనికి 90 డెసిబెళ్ళు శబ్ద పరిమితి. దాటితే చెవి రక్షణ పరికరాలు తప్పనిసరి. టపాకాయ శబ్దం క్షణికమైనది కనుక దాని కొలత వేరు. 1999 అక్టోబరులో పర్యావరణ పరిరక్షణ నియమాల క్రింద వెలువడిన ప్రకటన ప్రకారం పేలిన చోటు నుండి 4 మీటర్ల దూరంలో 125 డెసిబెళ్ళ స్థాయిని మించే టపాకాయల తయారీ, అమ్మకం, వాడకం నిషిద్ధం. డెసిబెల్ లెక్కలో ప్రతి పది అంకెల పెరుగుదలకు ధ్వనిశక్తి పదింతలవుతుందని మన ఇంజనీరు మిత్రులకు చెప్పనవసరం లేదు.

దేశంలో శబ్ద నియంత్రణకు మూలమైన తీర్పు 2005 జులై 18న సుప్రీంకోర్టు వెలువరించింది. ఆ వ్యాజ్యం వేసినది న్యాయవాదో, రాజకీయవేత్తో కాదు. అనిల్ మిట్టల్ అనే ఇంజనీరు. ఢిల్లీలో అఘాయిత్యానికి గురైన పదమూడేళ్ళ బాలిక ఆర్తనాదాలు పరిసరాల్లోని సంగీత ఘోషలో ఎవరికీ వినిపించలేదన్న వార్త ఆయనను కదిలించింది. శబ్దం కేవలం చికాకు కాదని, ఒకరి ప్రాణాంతక ఆపదను మరొకరి చెవికి చేరకుండా చేయగలదని ఆ ఘటన చాటింది.

ఆ తీర్పు రాత్రి 10 గంటల నుండి ఉదయం 6 గంటల వరకు శబ్దం చేసే టపాకాయలను పూర్తిగా నిషేధించింది. శబ్దం చేసేవి, వెలుగులు చిమ్మేవి అని బాణసంచాను రెండుగా విభజించాలని, ప్రతి పెట్టెపై అందులోని రసాయనాల వివరాలు ముద్రించాలని సూచించింది. ఆసుపత్రులు, విద్యాసంస్థలు, న్యాయస్థానాల చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద మండలమన్న నియమం 2000 నాటి శబ్ద కాలుష్య నియంత్రణ నియమాల్లోనే ఉన్నది. మన టౌన్‌షిప్ ఆసుపత్రి చుట్టూ నూరు మీటర్లు కొలిస్తే ఎన్ని క్వార్టర్లు ఆ పరిధిలోకి వస్తాయో ఎప్పుడైనా ఆలోచించామా?

ముగ్గురు పసిపిల్లల వ్యాజ్యం

2015లో సుప్రీంకోర్టులో ఒక విచిత్రమైన వ్యాజ్యం దాఖలైంది. పిటిషనర్లు ఢిల్లీకి చెందిన ముగ్గురు శిశువులు. అందరిలో చిన్నవాని వయస్సు ఆరు నెలలు. ఊపిరి పీల్చుకునే తమ హక్కును కాపాడమని వారి తరఫున తండ్రులు న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. తరువాతి సంవత్సరాల్లో దేశరాజధాని ప్రాంతంలో అమ్మకపు లైసెన్సుల నిలుపుదల, సడలింపు, పునర్విధింపు జరిగాయి. 2017 జులైలో ఆంటిమొనీ, లిథియం, పాదరసం, ఆర్సెనిక్, సీసం వాడకాన్ని కోర్టు నిషేధించింది.

2018 అక్టోబరు 23 నాటి తీర్పు దేశమంతటికీ వర్తించేది. తక్కువ కాలుష్యం గల బాణసంచాకే అనుమతి, దీపావళి వంటి పండుగలకు రాత్రి 8 నుండి 10 వరకే సమయం, వరుస టపాకాయల నిషేధం, ఇంటర్నెట్ ద్వారా అమ్మకాల నిషేధం, బేరియం లవణాల నిషేధం అందులోని ముఖ్యాంశాలు. పూర్తి నిషేధం కోరినవారి వాదనను గాని, ఏ హద్దూ వద్దన్న తయారీదారుల వాదనను గాని కోర్టు యథాతథంగా అంగీకరించలేదు. ఒకరి జీవనోపాధి హక్కు, మరొకరి ఆరోగ్య హక్కు రెండింటినీ త్రాసులో పెట్టి చూసింది.

ఈ తీర్పుకు ఊతమిచ్చినది మరొక ప్రభుత్వరంగ పరిశోధనా సంస్థ కృషి అని చెప్పడానికి గర్విస్తున్నాం. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధనా సంస్థ ‘స్వాస్’, ‘స్టార్’, ‘సఫల్’ అనే మూడు రకాల హరిత బాణసంచా సూత్రాలను రూపొందించింది. స్వాస్ పేలినప్పుడు నీటి ఆవిరి విడుదలై ధూళిని అణచుతుంది. స్టార్‌లో సూరేకారం, గంధకం ఉండవు. సఫల్‌లో అల్యూమినియం అతి తక్కువ. 2019 అక్టోబరులో ఇవి విపణిలోకి వచ్చాయి. ధూళి కనీసం 30 శాతం తగ్గడం వీటి లక్ష్యం. అంటే మిగిలిన 70 శాతం ఉంటుందన్నమాట. ‘హరిత’ అన్న పేరు చూసి అపరిమితంగా కాల్చవచ్చుననుకోవడం పొరపాటు. నిప్పు విషయంలోనూ ఇవి మామూలు టపాకాయలే, చేయి కాలకుండా వదలవు.

దేశరాజధాని ప్రాంతంలో కఠిన నిషేధం తరువాత 2025 దీపావళికి కోర్టు హరిత బాణసంచాను కొద్ది రోజులపాటు, నిర్దిష్ట గంటల్లో మాత్రమే అనుమతించింది. విధానం ఇంకా సర్దుబాటు దశలోనే ఉన్నదని దీనిని బట్టి గ్రహించవచ్చు.

పండుగకు ముందే ఆరిన దీపాలు

నియమాల గురించి మాట్లాడేటప్పుడు కొనేవారి గురించే ఆలోచిస్తాం. తయారు చేసేవారు మన కంటికి కనబడరు. 2012 సెప్టెంబరు 5న శివకాశి సమీపంలోని ముదలిపట్టిలో జరిగిన పేలుడులో 38 మందికి పైగా మరణించారు. 2014 అక్టోబరు 20న, దీపావళి ముంగిట, తూర్పు గోదావరి జిల్లా వాకతిప్పలో జరిగిన పేలుడులో పదిహేను మందికి పైగా బలయ్యారు. 2025 ఏప్రిల్ 13న అనకాపల్లి జిల్లా కైలాసపట్నంలో ఎనిమిది మంది మరణించారు. అదే సంవత్సరం అక్టోబరు 8న, పండుగకు పన్నెండు రోజుల ముందు, కోనసీమ జిల్లా రాయవరం ప్రాంతంలో మరొక పేలుడు కనీసం ఆరుగురిని పొట్టన పెట్టుకుంది.

ఈ తేదీలను వరుసగా చూస్తే ఒక విషయం తేటతెల్లమవుతుంది. వీటిలో మూడు పండుగ గిరాకీ పెరిగే రోజుల్లోనివే. గిరాకీ పెరిగితే పరిమితికి మించిన మందు నిల్వ, పరిమితికి మించిన మనుషులు, విశ్రాంతి లేని పనిగంటలు ఒక్కచోట చేరే ప్రమాదం ఉంటుంది. ఉత్పత్తి లక్ష్యాల ఒత్తిడిలో భద్రత ఎలా వెనుకబడుతుందో మనకు వేరొకరు చెప్పనక్కరలేదు. లైసెన్సు గల సరుకునే కొనడమంటే తనిఖీకి లోబడిన చోట పనిచేసే కూలీకి మనం అండగా నిలవడమే. రశీదు లేని చవక సరుకు కొనడమంటే ఆ తనిఖీని మనమే ఎగవేయడం.

బాణసంచా ప్రదర్శనలకూ జిల్లా యంత్రాంగం అనుమతి తప్పనిసరి. 2016 ఏప్రిల్ 10 తెల్లవారుజామున కేరళలోని కొల్లం జిల్లా పరవూరు పుట్టింగల్ ఆలయంలో అనుమతి నిరాకరించినా పోటీ ప్రదర్శన జరిగింది. నిల్వ చేసిన మందుకు నిప్పంటుకుని నూరుమందికి పైగా మరణించారు. ‘అనుమతి నిరాకరించడమైనది’ అన్న ఒక్క కాగితం విలువ అక్కడ నూరు ప్రాణాలు.

మన కాలనీలో మనం చేయగలిగినది

చట్టం ప్రతి వీధి మలుపులోనూ పోలీసును నిలబెట్టలేదు. మనది ఒక కుటుంబం వంటి టౌన్‌షిప్. రాత్రి డ్యూటీ ముగించుకుని నిద్రకుపక్రమించే కార్మికుడు, ఉబ్బసంతో బాధపడే పెద్దాయన, ఉలిక్కిపడి ఏడ్చే చంటిబిడ్డ, భయంతో పారిపోయే మూగజీవాలు అందరూ మన పొరుగువారే. పండుగ అందరిదీ కావాలంటే కొన్ని హద్దులు మనమే గీసుకోవాలి.

బ్లాకుకొక ఖాళీ స్థలాన్ని నిర్ణయించి అక్కడే, రాత్రి 8 నుండి 10 లోపు కాల్చుకుంటే ఇళ్ళకూ వాహనాలకూ భయం ఉండదు. పక్కన రెండు బకెట్ల నీళ్ళు, ఒక బకెట్టు ఇసుక ఉంచుకోవాలి. నూలు దుస్తులే ధరించాలి. పెద్దవారొకరు ఆద్యంతం నిలబడి ఉండాలి. కాలిన కాకరపువ్వొత్తి కడ్డీ చల్లారినట్లు కనిపించినా చేయి కాల్చగలదు కనుక నీటి బకెట్టులోనే వేయాలి. వెలగని టపాకాయ దగ్గరకు ఎవరూ పోరాదు. దూరం నుండి నీళ్ళు పోసి వదిలివేయాలి. తారాజువ్వను సీసాలో నిలిపి ఖాళీ ఆకాశం వైపే వదలాలి.

కాలితే ఆ భాగాన్ని చల్లని పంపు నీటి ధార క్రింద ఇరవై నిమిషాల పాటు ఉంచాలి. సిరా, టూత్‌పేస్టు, వెన్న, పసుపు వంటివి పూయరాదు. మంచుగడ్డ పెట్టరాదు. కంటికి దెబ్బ తగిలితే నలపరాదు, నొక్కరాదు, గుచ్చుకున్నదానిని తీయబోరాదు. కంటిపై ఒత్తిడి పడకుండా చిన్న గిన్నె వంటిదేదైనా అడ్డుపెట్టి తక్షణమే కంటి వైద్యుని వద్దకు చేర్చాలి. హైదరాబాదులోని సరోజినీదేవి కంటి ఆసుపత్రికి ప్రతి దీపావళి రాత్రీ గాయపడిన కళ్ళతో పిల్లలు రావడం పత్రికల్లో చదువుతూనే ఉన్నాం. చదివి పేజీ తిప్పేస్తాం. మా వీధి బాలుని విషయంలో మేము ఆ పేజీ తిప్పలేకపోయాం.

ఆ మరుసటి ఏడు మా వీధివారంతా కలిసి మైదానం మధ్య సున్నంతో ఒక గీత గీశాం. గీతకు అవతల ఒక్కరే వెలిగించాలి, ఇవతల అందరూ చూడాలి. ఆ ప్రమాదం జరిగిన బాలుని తండ్రే ఆ రాత్రి సెలవు పెట్టి, తలకు ప్లాంటు హెల్మెట్టు, కళ్ళకు గాగుల్సు పెట్టుకుని నీళ్ళ బకెట్టు పక్కన నిలబడ్డారు. మొదట కొందరు నవ్వారు. గంట గడిచేసరికి పక్క వీధి పిల్లలు కూడా ఆ గీత వద్దకే చేరారు. ఆ బాలుడు మాత్రం తండ్రి చేయి పట్టుకుని ప్రమిదలు వెలిగిస్తూ కూర్చున్నాడు. ఆ రాత్రి 10 గంటలకు మైదానం చీకటైంది. దీపాలు మాత్రం చాలాసేపు వెలిగాయి.

నియమాలన్నీ ఎవరో ఒకరి గాయం నుండి పుట్టినవే. కర్మాగారంలో ఈ సత్యాన్ని మనం ఏనాడో గ్రహించాం. ఇంటి గుమ్మం వద్ద కూడా గ్రహించిననాడు మన పిల్లలకు దీపావళి నిండుగా దక్కుతుంది. ఈ సంవత్సరం మతాబు వెలిగించే ముందు ఒక్క క్షణం ఆగి మనకు మనమే ఒక పర్మిట్ రాసుకుందాం: ఏ చోట, ఏ వేళ, ఎవరి బాధ్యతపై? ఆ మూడు గడులూ నింపి సంతకం చేయడానికి పట్టేది అరనిమిషమే.